సీటు ఎంత వెనక్కి

రోకిష్కిస్‌లో మంచు కరిగి బురదయ్యే నెల.
జున్ను ఫ్యాక్టరీ వెనక మా తుక్కు యార్డు.
ఉప్పు తిన్న బండ్లు ఇప్పుడే వస్తాయి.
మంచు మీద చల్లిన ఉప్పు,
చలికాలమంతా కిందనుంచి కొరుక్కుతినే ఉప్పు.

గెనొవైతే అవ్వ తనే నడుపుకొచ్చింది
గోధుమరంగు ఆడి, సీటు అంచున కూర్చుని,
స్టీరింగు పట్టుకు వేలాడుతూ,
కాలి మునివేళ్ళతో క్లచ్చి తొక్కుతూ.
"ముందుకి జరుపుకోవచ్చుగా" అన్నాడు కెస్టాస్.
"అది ఆయన పెట్టుకున్నది" అంది.
నాలుగేళ్ళట.

మాకు పని తెలుసు.
నూనె ఒక డ్రమ్ములోకి,
రేడియేటర్లో పచ్చటి నీళ్ళు ఇంకోదాన్లోకి,
బ్యాటరీ చెక్క మీదికి, రాగితీగ గోనెలోకి,
టైర్లు... టైర్లెవడిక్కావాలి.
డాష్‌బోర్డు అరలో
రీగా వెళ్ళినప్పటి పెట్రోలు రసీదు,
అంటుకుపోయిన పిప్పరమెంట్లు,
ఎడమచేతి గ్లవ్వు ఒక్కటి.
గ్లవ్వు అడగలేదు. పిప్పరమెంట్లు తీసుకుంది.

తొమ్మిది వందల ఎనభై కిలోలు.
కెస్టాస్ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
ఆవిడ ఒక్కసారీ లెక్కపెట్టకుండా
బస్టాపు వైపు, బురద తప్పించుకుంటూ.

సీటు విప్పడం నా వంతు.
నాలుగు బోల్టులు. వెనక రెండూ అందాలంటే
సీటు ముందుకి జరపాలి.
లివరు మీద చెయ్యేసి
చాలాసేపు గేటు వైపు చూశాను
బస్సు వెళ్ళిందో లేదో అని.

కీచుమంది. తుప్పు రాలింది.
పట్టా మీద, అది ఇన్నాళ్ళూ కప్పి ఉంచిన చోట
వేలెడు ఇనుము
ఇంకా మెరుస్తోంది.