తరుగు

పెదవడ్లపూడిలో కరివేపాకు
రాత్రి రెండింటికి కోస్తారు.
ఎండ తగిలాక కోస్తే ఆకు అలుగుతుందంటుంది సువార్తమ్మ.
తలకి టార్చిలైట్లు కట్టుకుని
చాళ్ల వెంట వంగి కదిలే ఏడుగురు ఆడవాళ్లు
రోడ్డు మీంచి చూస్తే
తోటలో ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టుంటారు.

నా పని కాటా దగ్గర.
మూట ముప్పై కిలోలు, తడిగోనె బరువు మినహాయించి.
పుస్తకంలో మూడు గడులు:
ఎక్కింది, దిగింది, తరుగు.
మొదటిది నా కళ్లతో చూసి రాస్తాను.
మిగతా రెండూ వాషి మార్కెట్టు నుంచి ఫోన్లో వస్తాయి.
ఎనిమిదేళ్లుగా ఎవరో చెప్పిన అంకెలే నా దస్తూరీలో.

మొన్న మేలో క్లీనరు రాలేదని
బాజీ నన్ను లారీ ఎక్కించాడు.
"రా, నీ తరుగు ఎక్కడికి పోతుందో
చూద్దువు గాని."

బెజవాడ వారధి మీదికొచ్చేసరికి తెల్లారింది.
కింద కృష్ణ, ఇసకే ఎక్కువ.
కేబిన్ నిండా పచ్చివాసన,
బాజీ బీడీ వెలిగించినా దానిదే పైచేయి.

సూర్యాపేటలో టీ తాగుతూ ఒక ఆకు నలిపాను.
పక్క బల్ల మీది మనిషి తల తిప్పి చూశాడు.
జహీరాబాదులో ఇంకోటి నలిపాను.
నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.
షోలాపూరు టోల్‌గేటు దగ్గర
టార్పాలిన్ కిందికి చెయ్యి పోనిస్తే
మూట కాలిపోతోంది,
జ్వరమొచ్చిన పిల్లాడి పొట్టలాగా.

"ఊపిరి తీస్తోంది" అన్నాడు బాజీ,
నీళ్ల డబ్బా అందుకుంటూ.
"కోశామని మనకి తెలుసు.
దానికింకా తెలీదు."

ఖండాలా ఘాట్‌లో ఎక్కడో టాంకరు బోల్తాపడి
నాలుగు గంటలు కదల్లేదు.
రెమ్మ పట్టుకుని ఎత్తితే
ఈనె నా చేతిలో, ఆకులు నా కాళ్ల మీద.

వాషిలో కాటా వేశారు.
ఎక్కింది రెండువేల నాలుగొందలు.
దిగింది రెండువేల నూటతొంభై.
దొంగ ఎవడూ లేడు, తాళ్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి.
లెక్కేస్తే కిలోమీటరుకి పావుకిలోకి కాస్త తక్కువ
గాలి తాగింది.

మార్కెట్టు గేటు బయట ఒకావిడ
పది రూపాయలిచ్చి నాలుగు రెమ్మలు కొంది.
నల్లమచ్చలున్నవి వద్దని బతిమాలి మార్పించుకుంది.
సంచిలో అన్నిటికన్నా పైన,
టమాటాలు నొక్కకుండా పెట్టుకుంది.
నేనూ ఒక ఆకు నలిపాను. ఏమీ లేదు.
కొరికాను.
చేదు మాత్రం ఇంత దూరం వచ్చింది.

తిరిగొచ్చిన ఆదివారం
పటమట రైతుబజారులో వంకాయలు కొన్నాను.
అడక్కుండానే కొసరుగా
గుప్పెడు కరివేపాకు పడేసింది వంకాయలామె,
నా మొహం కూడా చూడకుండా.
సిటీబస్సులో ముందు సీటావిడ
వెనక్కి తిరిగి నా సంచి వైపు చూసింది.
ఆ మధ్యాహ్నం మా చిన్నది
కంచం అంచున ఒక్కొక్క ఆకూ ఏరి
వరసగా పేర్చింది, పదమూడు.
తీసిపారెయ్యబోయి
ఎందుకో నేను తినేశాను.

మర్నాడు రాత్రి మళ్లీ కాటా.
సువార్తమ్మ మూట దించి నడుం నిమురుకుంది.
"అందాకా వెళ్లొచ్చావంటగా,
మన ఆకు ఎట్టా ఉందక్కడ?"
"మంచి రేటు పలికింది" అన్నాను.
"అది కాదు" అంది.

తోటలో టార్చిలైట్లు కదులుతున్నాయి.
కాటా ముల్లు ఊగి ఊగి నిలబడేదాకా
ఇద్దరం దాన్నే చూస్తూ ఉన్నాం.

"ముప్పై" అన్నాను.

"రాసుకో" అంది.