సగం కొండ

మెల్‌బోర్న్ పడమటి కొసన, మా బస్సు మలుపు తిరిగే చోట
ఒక కొండ.
కొండంటే నవ్వుతారు చూడ్డానికొచ్చినవాళ్లు.
చేతిలో పాలప్యాకెట్టు చల్లదనం తగ్గకముందే ఎక్కి దిగొచ్చు.

దూరపు కొండలు నునుపంటారు.
ఇది మరీ దగ్గర. గరుకంతా కనిపిస్తుంది:
ముళ్లగడ్డి, బెజ్జాలు పడ్డ ఎర్రరాయి,
ఎవరో తోసేసిన సూపర్‌మార్కెట్ బండి.

ఇళ్లు లేచే ముందు మట్టిని పరీక్షించడం నా పని.
మొదటిరోజే డ్రిల్లు అడుగున్నర లోతులో ఠంగుమంది.
పైన నల్లమట్టి, ఎండకి నెర్రెలిచ్చి.
రిపోర్టులో దానికేదో కోడ్ ఉంది,
నా నోటికి మాత్రం రేగడి అనే వచ్చింది.

పెద్ద ఉరుములేం లేవట అప్పుడు.
మూత తీయని గంజిలా పొంగింది,
పొయ్యి చుట్టూ పారింది, ఆగింది.
తుడవడానికి మనిషి ఇంకా పుట్టలేదు.

పుట్టినవాళ్లు దీనికో పేరు పెట్టుకున్నారు,
వాన ఎటునుంచి వస్తుందో ఇక్కడ నిలబడి చూశారు.
ఆ పేరు బోర్డుమీద రాయాలా అని కౌన్సిల్ మూడుసార్లు కూర్చుంది.
వాళ్ల ముసలమ్మ ఒకామె నాకు రెండుసార్లు పలికి చూపించింది.
నా నాలుక తిరగలేదు.
తిరిగేదాకా ఇక్కడ రాయను.

తర్వాత గొర్రెలు, గొర్రెల కోసం రాతిగోడలు.
తర్వాత కొండను తవ్వారు.
ఎలుక దొరకలేదు.
రైలుపట్టాల కిందికి కంకర దొరికింది,
టెన్నిస్ ఆడేవాళ్ల బూట్లకి ఎర్రపొడి దొరికింది.

పక్కింటి షిబెరాస్ తాత మాల్టా నుంచి ఓడలో వచ్చి
పద్దెనిమిదేళ్లు ఈ రాతిలో మందు కూరాడు.
మూడింటికి ఈల. ఈల వినగానే
భార్య జూజా తీగమీది దుప్పట్లు లాగేసేది.
ఒక్కరోజు మరిచిపోయింది.
ఆమె పోయి ఆరేళ్లు.
ఆ ఎర్ర దుప్పటి ఇంకా ఆయన కారు మీద కప్పి ఉంటుంది.
"సగం నేనే తిన్నాను" అంటాడు
కొండవైపు చూడకుండా.

గుంతని ఊరి చెత్తతో పూడ్చారు. చెత్తమీద గడ్డి.
గడ్డిమీద ఉయ్యాల.
ఉయ్యాల పక్కన ఒక ఇనుపగొట్టం,
కిందున్నది ఊపిరి వదలడానికి.

"ఇది మళ్లీ పేలుతుందా?" అంది మా అమ్మాయి.
లేదన్నాను. లెక్కలు చెప్పాను.
వినకుండా వెళ్లి గొట్టం మీద చెయ్యి పెట్టింది.
వెచ్చగా ఉందంది.

ఎండకి, అన్నాను.