ఆదివారం నాడు ప్రాచీన చరిత్ర

పరకాల బస్సుల కిటికీ పక్క సీటు దొరికితే
హన్మకొండ చేరేలోపు సింధు నాగరికత అయిపోతది.
ఊరు దాటంగనే హరప్పా,
గూడెప్పాడు కాడ మొహెంజొదారో,
ములుగు రోడ్డుకొచ్చేసరికి
వానలాగి, నది ఎండి, జనం ఎటో పోయిన్రు.
నేను దిగుత.

ముప్పైయారేండ్లకు డిగ్రీ మొదటి సంవత్సరం.
పాసైతే సూపర్‌వైజర్ పోస్టుకు రాసుకోవచ్చునని
సెక్టార్ మీటింగుల ఎవరో అన్నరు.
గంతే.
దేశం ఎట్ల పుట్టిందో తెలుసుకుందామని
నేనేం ఇంట్లకెల్లి బయల్దేరలే.

క్లాసుల పదకొండు మందిమి.
హోంగార్డు రాజలింగం నైట్ డ్యూటీ దిగి వచ్చి
వేదకాలంల కండ్లు మూసి మౌర్యుల కాడ తెరుస్తడు.
కండక్టర్ ఓదెలన్న పదహారు మహాజనపదాలను
స్టేజీల లెక్క బట్టీ పట్టిండు:
“అంగ, మగధ, కాశి, కోసల... ముందుకు జరగాలె!
అవంతి దిగేటోళ్ళు చిల్లర తీసి పెట్టుకోవాలె!
ఆఖరి స్టేజి అశ్మక, అశ్మక!”
అందరం నవ్వినం. గంటల లెక్కన జీతమొచ్చే
మా సారు గూడ నవ్విండు.
ఆ పదహార్ల ఒక్కటే ఒక్కటి గోదారొడ్డుది.
సారు మ్యాపు మీద సుద్దముక్కతోని
అక్కడ సున్న చుట్టినప్పుడు
ఎందుకో నవ్వు ఆగిపోయింది.

పోయిన వారం పెద్దరాతి యుగం.
మేం రాకాసి గుళ్ళంటం, మేకలు కట్టేసే బండలు.
పుస్తకంల వాటికి వేరే పేరున్నది.
ఆ బండల కింద దొరికినయట
నలుపు ఎరుపు కుండలు.
“మూతి నలుపు, కడుపు ఎరుపు, ఒక్క కుండకే రెండు రంగులు.
ఎట్ల చేసిన్రు?”
అనుకుంట సారు నోట్సు తిప్పుతున్నడు.
నా నోట్లెకెల్లి దానంతటదే వచ్చింది:
“బోర్లేసి కాలుస్తరు సార్.”

పది తలలు నా దిక్కు తిరిగినయి.

మా అమ్మమ్మ సిలివేరు కొమురమ్మ
ఆవంల ఊక పోసి కుండ మూతి పూడ్చేది.
పొగ లోపటికి పోతె నలుపు,
మంట బయట తగిల్తె ఎరుపు,
గాలి ఎక్కడ ఆగితె అక్కడ గీత.
ఎన్నడు కూసోబెట్టి చెప్పలే.
పిడకలందిచ్చుకుంట నేనే చూసిన.
సంతల అమ్ముడువోయిన కుండలు
ఇప్పుడెక్కడున్నయో ఎవ్వరికి తెల్వది.
ఆవంల పగిలి, తిట్టి, ఇంటెనుక గుంతల పారేసినయే
ఇంక ఆన్నే ఉన్నయి, వానకు తేల్తయి.

“ఇంకోసారి చెప్పమ్మా, మెల్లగ” అన్నడు సారు.
పెన్ను మూత పండ్ల నడుమ పట్టుకొని
రాసుకున్నడు.
తర్వాత గొంతు తగ్గించి
“పరీక్షల మాత్రం పుస్తకంలున్నదే రాయి,
దిద్దెటోళ్ళు ఎట్లుంటరో” అన్నడు.

ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది.
రెండూ రాసిన.
ముందు పుస్తకం, ఎనుక అమ్మమ్మ.
చోటు చాలక ఆమె మార్జిన్‌లకు పోయింది.

సోమవారం పొద్దున సెంటర్‌ల
గుడ్ల రిజిస్టర్ తెరిచిన.
వచ్చినయి ముప్పై.
పిల్లలకు ఇరవై రెండు. గర్భిణీలకు ఆరు.
పగిలినయి రెండు.
సంతకం పెట్టబోయి ఆగిన.

రెండు వేల ఏండ్లకు
మట్టిల ఈ ఒక్క కాయితమే మిగిల్తె
మా గురించి ఏం రాసుకుంటరో,
ఏ ఆదివారం, ఎవరికి పాఠం చెప్తరో,
ఐదు మార్కులకా, రెండుకా.

నాది కాకిరాత.
అయినా ఆ ఒక్క మాటను
కొట్టేసి, కింద మళ్ళ రాసిన,
ఎవరొచ్చి చదివినా తెలిసేటట్టు,
పెద్దగ, గుండ్రంగ:
పగిలినయి, రెండు.