పెన్సిల్ వాయిదాలు

కావలి కోర్టులో ముప్పయ్యొక్క ఏళ్ళు
శ్రీకంఠం గారి గుమాస్తాని.
గౌను ఇస్త్రీకి వేసేది నేను,
స్టాంపులు అంటించేది నేను,
సారు రాని రోజు
బెంచి గుమాస్తాకి టీ తాగించేది నేను.
సారుకి మధ్యాహ్నాలన్నీ రొయ్యల లెక్కలే.
నలభై కౌంటు ఇవాళ ఎంతో నిద్రలో అడిగినా చెప్తారు.
తన కేసు నంబరు అడిగితే మాత్రం
నా వైపు చూస్తారు.

మాలకొండమ్మది తుమ్మలపెంట దాపు.
అరవై సెంట్ల చెలక.
పక్కన ఎవరో చెరువు తవ్వితే
ఉప్పు ఊరి నారు ఎర్రబడిపోయింది.
ఎండుచేపలమ్మిన డబ్బు గుడ్డలో కట్టి తెచ్చింది ఫీజుకి.
నోట్లు తడి. నెత్తళ్ళ వాసన.
సారు వేలితో నా వైపు నెట్టారు, లెక్కపెట్టమని.

మొదట్లో వాయిదాలు నిజమే.
అట్టముక్క మీద నీలం ఇంకుతో రాసిచ్చేవాణ్ణి.
బస్సు కండక్టరుకి చూపించి తేదీ తెలుసుకునేది.

ఒక గురువారం
బంట్రోతు మూడుసార్లు పిలిచాడు.
నేను వరండాలో నిలబడి గేటు వైపే చూస్తన్నా.
కారు రాలా.
వాది లేదు (నువ్వు రానక్కర్లేదులే అని చెప్పింది మేమే),
వాది తరపు వకీలు లేడు.
డిఫాల్టులో కొట్టేశారు.
అర నిమిషం పట్టిందేమో.

"రిస్టోరేషన్ వేద్దాంలే" అన్నారు సారు.
గడువు ముప్పై రోజులు.
ముప్పై రోజులూ గుర్తుచేశాను.
కాదు, అబద్ధం. నాలుగుసార్లు.
అయిదోసారి ఆయన చూసిన చూపుకి
మా పిల్లోడి ఆస్పత్రి అప్పు గుర్తొచ్చింది,
ఆయన దగ్గర తీసుకున్నదే.

వారం తిరక్కముందే ఆమె వచ్చింది.
"ఎప్పుడంటయ్యా?"
పద్దెనిమిదో తేదీ అనేసింది నా నోరు.
జేబులో పెన్ను ఉంది.
చెయ్యి మాత్రం చెవి మీది పెన్సిల్ తీసింది.

అట్టా ఇరవైరెండు.
జడ్జిగారు సెలవు. జడ్జిగారు బదిలీ.
లాయర్ల బాయ్‌కాట్. ఫైలు ఒంగోలు పోయింది.
ఒకసారి చూసుకోకుండా ఆదివారం రాసిచ్చా.
ఆదివారమే వచ్చి, తాళమేసిన గేటు ముందర కూర్చుని,
సోమవారం మళ్ళీ వచ్చింది.
తప్పు తనదే అనుకుంది.
వచ్చినప్పుడల్లా కాగితంలో పిడికెడు నెత్తళ్ళు.
మా ఇంట్లో ఆ రాత్రి పులుసు.
తినేవాణ్ణి.

ఎవరో కుర్ర వకీలు రికార్డు తీసి ఆమెకి చదివి చెప్పాడు.
బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పోయింది.
నెల్లూరు గెస్ట్‌హౌస్‌లో విచారణ:
పొడుగు బల్ల, ముగ్గురు సభ్యులు, బిస్కెట్ల ప్లేటు.
సారు పావుగంట ముందే వచ్చారు.
ఇన్నేళ్ళలో ఏ వాయిదాకీ అంత ముందుగా రాలేదాయన.

"గుమాస్తా పొరపాటండీ."
"వకాల్తా మీద సంతకం గుమాస్తాదా?" అన్నాడు నడిమాయన.
కాసేపు ఫ్యానే తిరిగింది.

ఆమె దాచుకున్న అట్టముక్కలు బల్ల మీద పరిచారు.
కళ్ళద్దాలాయన ఒక్కోదాని మీదా వేలు పెట్టాడు.
"ఇక్కడి దాకా ఇంకు.
ఇక్కణ్ణించి అన్నీ పెన్సిలు.
ఎందుకయ్యా?"
ఎంతమందికి సాక్ష్యం నేర్పానో ఆ కోర్టు వేపచెట్టు కింద!
నాకు మాత్రం గుటక పడలా.

మాలకొండమ్మ లేచింది.
"నేను చెప్తా.
నా చేతులు ఎప్పుడూ తడి గదయ్యా, ఉప్పునీళ్ళు.
ఇంకయితే అలుక్కుపోద్ది.
అందుకని పెన్సిల్‌తో రాసేవాడు.
మంచోడు."

ఉత్తర్వు నాలుగు నెలలకొచ్చింది.
సారుకి ఏడాది సస్పెన్షన్.
గౌను నేనే మడిచి కలరా ఉండలేసి బీరువాలో పెట్టా.
నా సంగతి అందులో ఎక్కడా లేదు.
గుమాస్తాలకి కౌన్సిల్ ఉండదంట.

ఆ రోజు నెల్లూరు నించి తిరుగుబస్సులో
నా టిక్కెట్టు కూడా ఆమే తీసింది.
కావలి దాకా
ఇద్దరం ఏం మాట్లాడుకోలా.