రెండు పొద్దులు

ఎంజీఎం దవాఖాన ముంగట
జెరాక్స్ షాపుకూ చాయ్ బండికీ నడుమ
ఆరడుగుల కొట్టు నాది.
షట్టర్ ఎత్తంగనే మందుల వాసన కాదు,
ఎనుమాముల మార్కెట్‌కు పోయే ఆటోల మిర్చి ఘాటు
ముందుగాల లోపటికొస్తది.
నా మొదటి బేరం ఎప్పుడూ ఒక తుమ్ము.

చీటీ మీది రాత డాక్టరుది,
దాన్ని విడమర్చే నోరు నాది.
చదువురాని చేతులకు కవరు మీద బొమ్మలేస్త:
పొద్దటికి పొద్దు, రాత్రికి నెలవంక,
తిన్నంకయితే కంచం,
పరగడుపుకయితే బోర్లేసిన కంచం.
పదహారేండ్ల సంది
ఇవే నా ఓనమాలు.

కొమురెల్లి ఒస్తడు, మిర్చి బస్తాల హమాలి.
"నడుము గోలీలు ఒక పత్తా ఇయ్యి" అంటడు
పల్లీలు అడిగినట్టు.
చీటీ లేంది ఇయ్యనంటే మూతి ముడుస్తడు.
అన్నా, నొప్పి నీకేదో చెప్తున్నది,
దాని నోరు రోజూ గోలీతోని మూస్తే
ఒకనాడు మూత్రపిండాలు మాట్లాడుతయి.
అవి మాట్లాడినంక
మనకు ఇనుడే ఉంటది.
ఇంటడో, ఇనడో.
దవాఖాన గేటు దిక్కు చెయ్యి చూపిస్త,
ఆయన చాయ్ బండి దిక్కు నడుస్తడు.

విరేచనాల గోలీలు కొన్న రాజేశం గౌడు
"కల్లు ముట్టొద్దా? అది చెట్టు నీళ్లే గదక్కా!" అని
ఈదంత నవ్వు నవ్విండు.
తెల్లారి గోడ పట్టుకొని ఒచ్చిండు,
పేగులు నోట్లెకొచ్చిన మొఖంతోని.
నేనేం అనలే.
ఓఆర్ఎస్ పాకెట్లు రెండు కౌంటర్ మీద పెట్టిన.

ఇగ ఓదెమ్మ సంగతి.
ఇది నేను ఎవ్వరికీ చెప్పలే.

పరకాల బస్సు దిగి ఒచ్చేది నెలకోసారి,
కొంగుల ముడేసిన పైసలతోని.
బీపీ గోలి గులాబీ రంగుది, పత్తా తొంభై రూపాయలు.
ముడి విప్పుతుంటే ఆమె ఏండ్లు వణికేటియి.
నేనే అన్న, "అవ్వా, గదే మందు జెనరిక్‌ల ఉన్నది,
పదకొండు రూపాయలే."
గదే మందు అన్న. అన్ననా?
అన్ననేమో. ఎనక తొమ్మిది మంది నిలబడ్డరు.
తెల్ల గోలీలు కవరుల ఏసి
మీద పొద్దు బొమ్మ గీసి ఇచ్చిన.

నాలుగో నాడు పోచమ్మ మైదాన్ల
కండ్లు చీకట్లయి కూలబడ్డదట.
ఆటో పిల్లగాడు ఆమె సంచి తెచ్చి
నా కౌంటర్ మీద బోర్లిచ్చిండు.
పాత కవరు, దాని మీద నా పొద్దు.
కొత్త కవరు, దాని మీద నా పొద్దు.
ఒక్క పొద్దటికి రెండు పొద్దులు.

రెండు రాత్రులు ఎదురుగ వార్డుల
ఆమె బీపీ ఎక్కుతుంటే
ఇక్కడ నేను కవర్లు లెక్కపెట్టిన.
ఎన్ని ఇండ్లల్ల
ఎన్ని పొద్దులు గీసి పంపిన్నో.

మూడో నాడు తానే ఒచ్చింది.
తిడుతదనుకున్న.
"నువ్వు రెండు పొద్దులు గీసినవ్ బిడ్డా,
నేను రెండు ఏస్కున్న.
గులాబీది అయిపోలే, తెల్లది పైసలు పెట్టి కొన్న,
ఏది పారెయ్యాలె?"

చేతుల చెయ్యి పెట్టి చెప్పిన:
రంగే మారింది అవ్వా, మందు ఒక్కటే.
పత్తా మీద పెద్దక్షరాల పేరు కంపెనీది,
కింద సన్నక్షరాలల్ల ఉన్నదే
మందు పేరు.

కొంచెంసేపు ఆలోచన చేసింది.
"మా ఎద్దు లెక్క" అన్నది.
"నేను రాముడు అందు, మా ఆయన గంగడు అందు.
రెండు పేర్లున్నయని
దానికి రెండు కాండ్లు కట్టలే."

అప్పటి సంది పాత పత్తా తెమ్మంట,
చూసినంకనే కొత్తదిస్త.
తొమ్మిది మంది ఎనక నిలబడ్డా సరే, నిలబడనీ.
రంగు మారిన కవరు మీద
పొద్దు పక్కన ఒక ఎద్దును గీస్త.
ఎద్దు నాకు సరిగ రాదు, మేక లెక్కొస్తది.
"ఇదేంది బిడ్డా, మేకేంది?" అని అడుగుతరు.

అడగాలెననే
గీస్త.