ఏడో అంశం: కాలివంతెన

నవంబరు రెండో మంగళవారం, రాత్రి ఏడున్నర.
కంబ్రియా కొండల్లో అప్పటికే మూడు గంటలుగా చీకటి.
హాల్లో హీటరు పౌండు నాణెం మింగితే గానీ కన్ను తెరవదు,
ఒక నాణేనికి అరగంట వెచ్చదనం.
అంచేత మా పారిష్ కౌన్సిల్లో ఏ వాదమైనా
మూడు నాణేలు దాటకూడదని రాయని శాసనం.

ఏడుగురు సభ్యుల్లో నలుగురొచ్చారు.
రానివాళ్ళ క్షమాపణలు చదివాను:
ఒకరికి మోకాలు, ఒకరికి ఆవు ఈనడం,
ఆల్విన్ టైసన్‌కి కారణమేమీ లేదు, అదీ రాసుకున్నాను.
నేను గుమస్తాను. జీతం వారానికి ఆరు గంటలకి,
మిగతా గంటలు ఊరు నన్ను ఊరికే వాడుకుంటుంది.

ఈ అంశాల్లో సొంత ప్రయోజనం ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.
ఎవరూ చెప్పలేదు.

బస్ షెల్టరు కప్పు మీద నాచు.
శ్మశానం గోడ వెంట కుక్కల మలం, దీనికే ఇరవై నిమిషాలు.
రోడ్డు గుంట చుట్టూ కౌంటీ వాళ్ళు పసుపు గీత గీసి వెళ్ళారు,
గుంట పెరిగి గీత దాటింది.
వీధి దీపం గురించి మిసెస్ రడ్‌కి మూడు నిమిషాలిచ్చాం.
వెలగడం లేదని కాదు ఆమె బాధ,
వెలుగుతోందని,
గుడ్లగూబ రావడం మానేసిందని.
ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఏడోది.

ఫిబ్రవరి వరదకి వాగు మీది కాలివంతెన కొట్టుకుపోయింది.
అప్పట్నుంచీ అవతలి గట్టు పిల్లలు ఐదుగురు
స్కూలు బస్సు కోసం రెండు మైళ్ళు చుట్టు తిరుగుతున్నారు,
పాల ట్యాంకరు వస్తే ముళ్ళకంచెలోకి ఒదిగి.
కౌంటీకి పదకొండు ఉత్తరాలు రాశాను.
పదకొండు జవాబులూ మర్యాదగా ఉన్నాయి.
ఆ మర్యాదని పేర్చి ఉంటే
ఈపాటికి వాగు దాటేవాళ్ళం.

ఈ నెల సంగతి వేరు.
మొన్న ఆదివారం తెల్లారేసరికి
వాగుకి అడ్డంగా రెండు టెలిఫోను స్తంభాలు, వాటి మీద చెక్కలు,
పట్టుకోడానికి ఒక పక్క లావుపాటి తాడు,
తాడు నడుమ ఎరుపూ తెలుపూ ఊలు అల్లిక.
అనుమతి లేదు, బీమా లేదు, కొలతల కాగితం లేదు.

అందరూ శ్రీవైష్ణవులే. మా బుట్టలో మాత్రం
రొయ్యలు మాయం కాలేదు, పుట్టుకొచ్చాయి.

"ఎవరు కట్టారో సభకి తెలుసా?" అంది మిస్ కర్వెన్,
చట్టం చదివిన మనిషి, చట్టంతో పాటు భయాన్నీ చదివిన మనిషి.
చైర్మన్ ఎడ్గర్ గాస్కార్త్ తన బొటనవేలి కేసి చూసుకున్నాడు.
గోరు నల్లబడింది, సుత్తి గురి తప్పిన నలుపు.
డాసన్ జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.
పోస్టాఫీసు వినిఫ్రెడ్ కిటికీలోకి చూస్తూ కూచుంది.
ఆ ఆదివారం చర్చి గంట ఎందుకు మోగలేదో
ఎవరూ అడగలేదు.

హీటరు ఆరిపోయింది. ఎవరూ నాణెం వెయ్యలేదు.

తీర్మానం: వంతెన కట్టినవారు తెలియదు.
తీర్మానం: కౌంటీకి ఉత్తరం రాయాలి.
"తొందరేం లేదు" అని ఎవరో గొణిగారు, అది మినిట్స్‌లో లేదు.
ప్రమాదం, మీ బాధ్యత మీదే దాటండి, అన్న బోర్డుకి
నలభై పౌండ్లు మంజూరు.
నాలుగు చేతులూ లేచాయి,
మిస్ కర్వెన్ చెయ్యి కాస్త ఆలస్యంగా.

హాలుకి తాళం వేసి,
పుస్తకం కోటు లోపల దాచుకుని
నేనూ అటే నడిచాను. మా ఇల్లు అవతలి గట్టున.
టార్చి వెలుగులో చెక్కలు లెక్కపెట్టాను, గుమస్తా బుద్ధి.
పద్నాలుగోది పాత నోటీసు బోర్డు ముక్క.
తుప్పు పట్టిన పిన్ను కింద ఇంకా కాగితం అంచు,
నా చేతిరాతే:
"ప్రజలందరూ రావచ్చు."
దాని పక్కనే ఒక మేకు తల పైకి లేచి ఉంది,
పిల్లల కాలికి తగిలేట్టు.

పొద్దున్నే సుత్తి తెచ్చుకోవాలి.