ఏడు లెక్కపెట్టే లోపు

టెకెస్తె గుర్రు పెడతాడు.
ఫరవాలేదు, ఆ చప్పుడు నాకు జోల.
గుర్రు ఆగినప్పుడే నాకు మెలకువ.

ఒకటి. రెండు. మూడు.
కిటికీ అవతల, కొండ అంచు ఎక్కి వచ్చిన పొగమంచు
అస్మరా వీధి దీపాన్ని గొంతు దాకా కప్పేసి ఉంటుంది.
నాలుగు. ఐదు.
ఆరు.
నా అరచెయ్యి అతని రొమ్ము మీదికి వెళ్తుండగా
నీళ్ళలోంచి తల పైకెత్తినవాడిలా
ఒక్క పెద్ద ఊపిరి.
వెంటనే గబగబా నాలుగైదు, అప్పు తీర్చేస్తున్నట్టు.
మళ్ళీ నెమ్మది. మళ్ళీ సన్నం.
మళ్ళీ ఏమీ లేదు.
ఏడు దాకా ఇంతవరకూ వెళ్ళలేదు నేను.

పుట్టింది మస్సావాలో, ఉప్పు మడుల పక్కన.
ముప్పై ఏళ్ళు సముద్రమంత ఎత్తులోనే పడుకున్న మనిషి.
పెళ్ళయిన వారానికి బస్సెక్కి
ఒక్క మధ్యాహ్నంలో ఏడున్నర వేల అడుగులు పైకొచ్చాడు,
ఒక చాప, ఒక ట్రాన్సిస్టరు, ఎండుచేపల మూటతో.
ఊపిరి మాత్రం ఇంకా దారిలోనే ఉన్నట్టుంది,
మలుపు మలుపునా ఆగి ఆగి వస్తోంది.

"రాత్రి బాగా పట్టిందా?"
"రాయిలా" అంటాడు, ఎర్రటి కళ్ళతో,
కాఫీలో చక్కెర రెండోసారి వేసుకుంటూ.
కలలే ఎక్కువట. చిన్నచిన్నవి.
గాలానికి తగిలి, పడవ అంచు దాకా వచ్చి
జారిపోయే చేపల్లాంటివి.

అమ్మమ్మ అబ్రెహెత్ నవ్వుతుంది:
"కొండ అద్దె వసూలు చేస్తుందే పిల్లా, రాత్రిపూటే వస్తుంది.
మనం పుట్టగానే కట్టేశాం."
ఆసుపత్రిలో నర్సు వేరేలా చెప్పింది:
గాలి పలచన, నిద్రలో ఒళ్ళు లెక్క తప్పుతుంది,
చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది,
పొద్దుపోయాక బీరు వద్దు.
ఆ చివరి మాట అతనికి వినపడలేదు.

నవంబరులో వాళ్ళక్క బిడ్డ బాప్తిస్మానికి కిందికి దిగాం.
డాబా మీద నులక మంచాలు.
తడిగుడ్డలా మొహాన పడే గాలి.
టెకెస్తె తల వాల్చాడు, అంతే.
ఊపిరి వచ్చింది, వెళ్ళింది, వచ్చింది,
ఎక్కడా తెగలేదు.
నేను దోమతెర లోపల
ఒకటి అనడానికి ఒక్క సందు కోసం
చెవి ఒగ్గి, ఒగ్గి,
రేవులో ఓడ దీపాలు ఆర్పేదాకా.

పొద్దున్న నా కప్పుకి చెయ్యి అడ్డం పెట్టాడు:
"చక్కెర ఇందాకే వేశావు."